సగం రొట్టె ఇంటిపేరు

షాంటిలీ, వర్జీనియా
11 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నీ చెవి మిషను ఈల వేస్తుంది, నేనొకటి అడిగితే నువ్వు మీ ఊరి చలి గురించి జవాబు చెబుతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అనురాధ వదినకు కూడా చదివి వినిపించు. మధ్యలో నీ వ్యాఖ్యానం మాత్రం కలపకు.

మా రోహన్‌కి పెళ్లి కుదిరింది. కుదిరింది అంటే మనమెవరమూ కుదర్చలేదు, వాడే కుదుర్చుకుని మొన్న షికాగో నుంచి వచ్చి చెప్పి వెళ్లాడు. అమ్మాయి పేరు కల్లియోపి, అందరూ కల్లీ అంటారట. నువ్వేమంటావో తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను, కల్లుకీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. వాళ్లు గ్రీకులు. పిల్ల పసిపిల్లల పళ్ల డాక్టరు. వాళ్ల నాన్న టామ్‌కి మీ షామ్‌బర్గ్‌లోనే, గోల్ఫ్ రోడ్డు మీద ప్యాన్‌కేకుల హోటలుంది.

ఇంతవరకూ నాకే అభ్యంతరమూ లేదు. అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. పెళ్లయ్యాక పేరు మార్చుకునేది ఆ పిల్ల కాదు, మనవాడు. తన ఇంటిపేరు తీసేసి వాళ్ల ఇంటిపేరు పెట్టుకుంటాడట. మిసోప్సోమస్! మూడుసార్లు పలికించుకుని రాసుకున్నాను. మిసో అంటే సగం, ప్సోమి అంటే రొట్టె. ఎప్పుడో కరువులో వాళ్ల పూర్వీకుడొకాయన తన రొట్టెలో సగం ఆకలిగొన్నవాళ్లకి పెట్టాడట, ఊరు ఆయనకిచ్చిన బిరుదట అది. ఇప్పుడు భూమ్మీద ఆ పేరున్నవాళ్లందరినీ పోగేసినా ఒక బస్సు నిండదట. పెలొపొనీస్ అనే చోట కొండల మధ్య ఊళ్లో నలుగురు ముసలివాళ్లు, ఏథెన్స్‌లో కొన్ని కుటుంబాలు, మెల్‌బోర్న్‌లో టామ్ తమ్ముడు, అతను పెళ్లి చేసుకోలేదు. అమెరికాలో మిగిలింది టామ్ సంసారం. ఇద్దరూ ఆడపిల్లలే.

"అమ్మా, ఒక నేమ్ డై అవుతుంది. నేను సేవ్ చేయగలను," అన్నాడు రోహన్. పులుల గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మరి మీ నాన్న పేరురా?" అన్నాను.

"సత్య మన నేమ్ కాదు కదమ్మా. అది టైపో," అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. వాడు కాసేపు గుమ్మంలో నిలబడి, డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్ది వెళ్లాడు.

నువ్వు అక్కడే ఉన్నావు కదా, వాళ్లెలాంటి మనుషులో కాస్త కనుక్కో. కాస్త, అన్నయ్యా.

నీ చెల్లెలు
ప్రమోద


షామ్‌బర్గ్
19 ఫిబ్రవరి 2024

చిరంజీవి ప్రమోదకు మీ అన్నయ్య ఆశీస్సులు. ఆశీస్సుల వరకే మర్యాద, ఆ తర్వాత నాకు చేతకాదు.

మిసోప్సోమస్! మొదట చూసి మన సోమయాజులుగారి బంధువులేమో అనుకున్నాను. మీ వదినకు చదివి వినిపిస్తే అదేదో మాత్ర పేరనుకుని రోజుకి ఎన్ని వేసుకోవాలని అడిగింది.

చూడు ప్రమోదా, ప్రతి గ్రీకువాడి వెనకా ఒక వీరుడుంటాడు. నేను ముప్పై ఏళ్లు హైవే డిపార్ట్‌మెంట్‌లో గ్రీకు ఇంజనీర్ల పక్కన కూర్చుని పనిచేశాను. చివర 'ఓపులోస్' అని ఉంటే ఫలానావాడి కొడుకని అర్థం, 'ఆకిస్' అని ఉంటే క్రీటు దీవివాడని. అంతవరకూ బాగానే చెబుతారు. ఇంకో కాఫీ పోస్తే మాత్రం వాళ్ల ముత్తాత కోట తాళంచెవులు చక్రవర్తి చేతిలోంచి అందుకున్నాడంటారు. మేకలు కాసుకునే మనుషులకి అన్ని కోటలెక్కడివి? ఆ దేశంలో ముత్తాతలందరూ దానకర్ణులే అయితే ఇక ఆకలితో ఉన్నవాళ్లెవరు?

పైగా నువ్వు గమనించావో లేదో, వాళ్ల దేశంలో పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి పేరే ఉంచుకోవాలని నలభై ఏళ్ల కిందటే చట్టం వచ్చింది. గ్రీసులో ఏ మొగుడూ ఏ పెళ్లామూ పేరు వదులుకోనక్కర్లేదు. ఆ వదులుకునేదేదో ఇక్కడ మన పిచ్చివాడు వదులుకుంటాడు.

నాకర్థమైంది నీకు అర్థం కాలేదు. ఆ టామ్‌కి మగపిల్లలు లేరు. మనవాడు మెతక, తండ్రి లేనివాడు. "పిల్ల కావాలా? అయితే నా పేరు పెట్టుకో," అని ఉంటాడు. దీన్ని మన వైపు ఇల్లరికం అంటారు. అక్కడ కనీసం పొలమైనా ఇచ్చేవాళ్లు. ఇక్కడ సిరప్ పోసిన ప్యాన్‌కేకు.

బావ పేరు టైపో అన్నాడా! వాడి నోట్లో ఆ మాట పెట్టిందెవరో నాకు తెలుసు. నేను చూసుకుంటాను.

మేనమామ హోదాలో
చక్రపాణి


షాంటిలీ
26 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

'నేను చూసుకుంటాను' అన్న నీ మాట చదివి నాకు చెమట పట్టింది. అమ్మ ఉండగా ఒకసారి ఇంటి పైకప్పు కారుతోందంటే ఇలాగే అని నిచ్చెన ఎక్కావు. తర్వాత హాల్లో కూడా కారింది.

కనుక్కోమన్నాను గాని కయ్యానికి వెళ్లమనలేదు. ఇంకో మాట. పేరు వదులుకోవడం గురించి నువ్వు మాట్లాడకు. ఏలేశ్వరపు చక్రపాణి అనే మనిషి నీ హైవే డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా తెలుసా? అందరూ నిన్ను 'చక్' అనేవాళ్లు. నీ రిటైర్‌మెంట్ కేకు మీద 'చక్ ఇ.' అని రాశారు, నువ్వు దాని పక్కన నిలబడి పళ్లికిలించి ఫొటో దిగి నాకు పంపావు.

సత్య మన ఇంటిపేరు కాదని నాకూ తెలుసు. ఆయన దొండపాటి సత్య వెంకట శ్రీరామ్. ఎక్కడ ఎవరి పొరపాటో గాని పాస్‌పోర్ట్‌లో దొండపాటి ఎగిరిపోయింది, సత్య వెనక్కి వెళ్లి కూర్చుంది. సరిచేయించుకోండి అంటే, "ఇప్పుడు వీసా ఇంటర్వ్యూ ముందు కెలికితే అసలుకే మోసం, ఉండనీ ప్రమోదా," అన్నారు. అలా ఉండిపోయింది. ఆయనకి గ్రీన్‌కార్డు వచ్చిందీ ఆ పేరు మీదే, ఈ ఇల్లు కొన్నదీ ఆ పేరు మీదే. ఆఫీసులో ఆయన శ్రీరామ్ అని ఎంతమందికి తెలుసో! అంతా మిస్టర్ సత్య. నేనూ సత్యనే. మందుల షాపులో ఆ పేరు పిలిస్తే ఇప్పటికీ మేమిద్దరం లేచి వెళ్తున్నట్టే ఉంటుంది నాకు.

తప్పుగా పుట్టిన పేరైనా ఇరవై ఎనిమిదేళ్లు మోశారు అన్నయ్యా. ఆయన పోయి అయిదేళ్లయినా కాలేదు, కొడుకు దాన్ని టైపో అంటాడు. నా బాధ అదీ. గ్రీకు రొట్టె సగమైతే నాకేం, పావైతే నాకేం.

ఊరికే వెళ్లి కాఫీ తాగి రా. కొట్టు శుభ్రంగా ఉందో లేదో, మనిషి నవ్వుతాడో లేదో చూడు చాలు.

ప్రమోద


షామ్‌బర్గ్
11 మార్చి 2024

ప్రమోదా! విజయోత్సాహంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

నిన్న ఆదివారం మీ వదినను తీసుకుని ఆ హోటలుకి వెళ్లాను. కొట్టు శుభ్రంగానే ఉంది, అది ఒప్పుకోవాలి. గోడల నిండా నీలం రంగు సముద్రాలు. వాళ్ల ఊరికి సముద్రం లేదు, ఆ సంగతి ఎవరూ అడగరు కాబోలు. టామ్ అనేవాడు పెద్ద మీసాలతో వంటగది కిటికీలోంచి తొంగి చూస్తూ కేకలు వేస్తున్నాడు. ఆ పిల్ల సెలవు రోజుల్లో వచ్చి తండ్రికి సాయం చేస్తుందట, కాఫీ పోస్తూ తిరుగుతోంది. "నమస్తే అంకుల్," అంది చేతులు జోడించి. నేనెవరో రోహన్ ఫొటోల్లో చూపించాడట. బాగానే పెంచారు.

మూల బల్ల దగ్గర నల్లబట్టల్లో ఒక ముసలావిడ. టామ్‌కి మేనత్త, పేరు వసిలికి, తొంభైకి దగ్గర. ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇక్కడికే వస్తుందట. వివరాలు కావాలంటే ముసలివాళ్లనే అడగాలి. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడకీ చెవుడే. మేమిద్దరం ఎంత హాయిగా మాట్లాడుకున్నామో చెప్పలేను, ఒకరినొకరు 'ఆ?' అనుకోకుండా.

"సగం రొట్టె కథ నిజమేనా?" అని అడిగాను.

ఆవిడ బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వింది. "ఏం కథ? దానం చేశాడనా? దానమా! వాడు రొట్టెలు కాల్చేవాడు. కరువులో పూర్తి రొట్టెకి డబ్బు పుచ్చుకుని సగమే ఇచ్చేవాడు. సగం రొట్టెగాడని ఊరంతా తిట్టేవాళ్లు. తిట్టగా తిట్టగా అదే పేరైంది!" అంది.

దొంగ తూకం, ప్రమోదా! మన వంశాంకురం నిలబెట్టబోయేది ఒక తూకం దొంగ తిట్టుపేరు! ఇంకో సంగతి. షికాగోలోనే వీళ్ల దాయాదులు కొందరు 'మాస్' అని పేరు కుదించుకున్నారట. ఓడ దిగినచోట ఆఫీసరు కోసేశాడని వాళ్లు చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆఫీసర్లు ఓడవాడు తెచ్చిన పేర్లు సరిచూసుకునేవాళ్లే గాని కొత్తగా ఏమీ రాసేవాళ్లు కాదు. కోసుకున్నది వాళ్లే. కారణం నాకు ఇప్పుడు తెలిసింది.

మేం మాట్లాడుకుంటూండగా హోటలు కొంచెం నిశ్శబ్దంగా అయినట్టనిపించింది. నా మిషను బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. ఆమ్లెట్ బాగుంది.

ఈ మాట రోహన్‌కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

చక్రపాణి


షాంటిలీ
12 మార్చి 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం కోసం చూడకుండా రాస్తున్నాను. ఆ హోటలుకి వెళ్లకు. వెళ్లినా కాఫీ తాగి వచ్చేయి, ఒక్క మాటా అడగకు.

పోయిన వారం కల్లీ తనే నాకు ఫోన్ చేసింది. ఆ పిల్ల నన్ను ఆంటీ అనకుండా రోహన్ దగ్గర నేర్చుకుని "అత్తయ్యా" అంది, సగం నోట్లోనే మింగేస్తూ. పేరు మార్పు తను అడగలేదట, ఆలోచించమని రోహన్‌కి తనే చెబుతోందట. "మా నాన్నకి కూడా అది ఇష్టం లేదు," అంది. ఎందుకు ఇష్టం లేదో అడిగేలోగా ఎవరో పిల్లవాడు పంటి నొప్పితో ఏడుస్తున్నాడని పెట్టేసింది. నాకు మనసు కుదుటపడింది. మనం కెలక్కుండా ఉంటే వాళ్లే తేల్చుకుంటారు.

వదినకు మోకాలు ఎలా ఉంది?

ప్రమోద


షాంటిలీ
18 మార్చి 2024

అన్నయ్యగారికి,

గారు అని ఎందుకు పెట్టానో నీకు తెలుస్తుంది.

నీ విజయోత్సాహం మొన్న అందింది. అది అందకముందే దాని ఫలితం అందింది. మీ ఇద్దరు చెవిటివాళ్లూ హాయిగా మాట్లాడుకున్న మాటలు హోటల్లో ప్రతి బల్లకీ వినిపించాయట. నిశ్శబ్దమైంది బ్యాటరీ అయిపోయి కాదు, నలభై మంది ఫోర్కులు పక్కన పెట్టి వినడం వల్ల. కల్లీ కాఫీ కెటిల్ చేతిలో పట్టుకుని నీ వెనకే నిలబడి ఉంది. ఆ పిల్లకి ఈ కథ తెలియదు. చిన్నప్పుడు బడిలో 'మా పేరు' అని వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నది ఆ దానం కథ మీదే. కెటిల్ అక్కడే పెట్టి, కోటైనా వేసుకోకుండా బయటికి వెళ్లి పార్కింగ్ లాట్‌లో నిలబడిందట. నువ్వు ఆమ్లెట్ బాగుందని రాశావు.

రోహన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మామయ్యని నువ్వు పంపావా?" అన్నాడు.

కనుక్కోమన్నాను కదా. లేదని ఎలా అంటాను?

"ఊరికే కనుక్కోమన్నానురా," అన్నాను.

"మా గురించి ఇన్వెస్టిగేట్ చేశారు. ఓకే," అన్నాడు. ఆ ఓకే తర్వాత ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తడం లేదు. కల్లీ అయితే ఆ పేరు నువ్వేం పెట్టుకోకు, నేనే వదిలించుకుంటాను, పెళ్లి కొన్నాళ్లు ఆపుదాం అందట. ఇది శ్రీవిద్య చెబితే తెలిసింది, మా రోహన్‌కి చిన్నప్పటి స్నేహితురాలు, ఇప్పుడు ప్లెయిన్స్‌బరోలో ఉంటోంది. నా కొడుకు సంగతి న్యూజెర్సీ నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది.

అరవై రెండేళ్లు నీ వెటకారం నా తలమీద పోశావు, పడ్డాను. ఇది నా కొడుకు మీద పోశావు.

ఇంతే రాస్తాను.

ప్రమోద సత్య


షామ్‌బర్గ్
25 మార్చి 2024

ప్రమోదా,

నిన్ను ఎలా పిలిచి మొదలుపెట్టాలో తెలియక పేరుతోనే మొదలుపెట్టాను.

ఆ టామ్ మా ఇంటికొచ్చాడు. నేను వెళ్లలేదు, అతనే వచ్చాడు. మీ వదిన తలుపు తీసింది. చేతిలో పెద్ద రొట్టె, అల్యూమినియం కాగితంలో చుట్టినది. అది సగమా పూర్తా అని చూడబోయి మానుకున్నాను, మీ వదిన నా వైపే చూస్తోంది.

కూర్చోమంటే కూర్చోలేదు. నాకు వినబడేలా పెద్దగానే మాట్లాడాడు, గ్రీకువాడు కాబట్టి కష్టపడనక్కర్లేకపోయింది.

"నీ మేనల్లుడిని నేను పేరు అడిగాననుకున్నావా?" అన్నాడు. "క్రిస్మస్ ముందే వాడొచ్చి, మీ పేరు పెట్టుకుంటానంటే, వద్దన్నాను. నీ తండ్రి లేడు, ఆయన తరఫున కాదనడానికి ఎవరూ లేరు, కాబట్టి నేను కాదంటున్నానని చెప్పాను. వినలేదు."

నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం మీ వదిన పెళ్లయ్యాక మొదటిసారి చూసింది, ఈ వారం అంతా ఆ సంగతే స్నేహితులకి చెబుతోంది.

తర్వాత అతను ఆ రొట్టె సంగతి చెప్పాడు. రెండు కథలూ అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ల తాత చెప్పిందేమిటంటే, కరువులో పిండి సగం మందికే ఉంది. ఆయన ప్రతి రొట్టెనీ రెండుగా కోసి ఊరందరికీ అమ్మాడు, డబ్బు మాత్రం తగ్గించలేదు. తగ్గిస్తే రేపటి పిండి కొనలేడు. దొరకదనుకున్నవాళ్లు దేవుడన్నారు, పూర్తి రొట్టె కొనగలిగినవాళ్లు దొంగన్నారు. వసిలికి అత్త తల్లి వైపు వాళ్లు కాస్త ఉన్నవాళ్లట, ఆవిడ విన్నది వాళ్ల కథ. "ఆడపిల్లలకి మంచి కథ చెప్పాను. తండ్రిని కదా," అన్నాడు.

హోటలువాళ్లు ఇలాంటివి బాగానే చెబుతారు. ధర పెంచినప్పుడల్లా ఇదే చెబుతాడేమో. కాని ఆ మనిషి చెబుతున్నప్పుడు మీసం వణికింది.

మర్నాడు నేను ఆ పిల్ల క్లినిక్‌కి వెళ్లాను. పిల్లల క్లినిక్ కదా, కుర్చీలన్నీ మోకాళ్ల ఎత్తు. గోడ మీద జిరాఫీ. నా ఈడువాడు అందులో ఇరుక్కుని ఎలా ఉంటాడో ఊహించుకుని నీ కోపం కాస్త చల్లార్చుకో. కల్లీ వచ్చి ఎదురుగా ఇంకో పొట్టి కుర్చీలో కూర్చుంది.

"అంకుల్, మా అమ్మ వైపు వాళ్ల గురించి కూడా చెప్పడానికి వచ్చారా?" అంది.

నీ కోడలు మన ఇంట్లో నెగ్గుకొస్తుంది, బెంగపడకు.

క్షమించమన్నాను. ఆ మాట ఇంగ్లీషులో సులువుగా వస్తుంది, అందుకే ఇంగ్లీషులో అన్నాను. తర్వాత మన ఇంటిపేర్ల గురించి చెప్పాను. మా దగ్గర పిల్లివాళ్లున్నారు, నక్కావాళ్లున్నారు, మేకావాళ్లున్నారు, వంకాయల పేరున్నవాళ్లూ ఉన్నారు, ఏ నక్కావాడూ మా తాత నక్క కాదని కోర్టుకెక్కలేదని చెప్పాను. "మీ దేశంలో అందరూ నిజమే చెప్పేశారు," అని నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుంది. నేను జిరాఫీ వైపు చూశాను.

రోహన్‌కి నేనే చెబుతాను, మీ అమ్మ నన్ను ఊరికే కాఫీ తాగి రమ్మంది, మిగతాదంతా నా సొంత ప్రతిభ అని.

చక్రపాణి


షాంటిలీ
29 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

గారు తీసేశాను. పూర్తిగా కాదు, ప్రస్తుతానికి.

రోహన్ వచ్చాడు, కల్లీని తీసుకుని. పెళ్లి ఆగస్టులోనే. ఆ పిల్ల నా వంటింట్లో గోంగూర నోట్లో వేసుకుని పళ్ల డాక్టరు ముఖం పెట్టింది. ఆ తర్వాత మళ్లీ అడిగి వడ్డించుకుంది.

మధ్యాహ్నం ఆ పిల్ల నిద్రపోతే వాడు నా దగ్గర కూర్చున్నాడు. ఇప్పుడు ఇంకా ఆ పేరే పెట్టుకుంటావా అని అడిగాను. పెట్టుకుంటానన్నాడు. దొంగ పేరైనా? "దొంగైతే బెటర్ అమ్మా. గాడ్‌లాంటి మనిషి పేరు మొయ్యడం కష్టం," అన్నాడు. నీ మేనల్లుడే.

నేనిక ఊరుకోలేకపోయాను. "మీ నాన్న పేరు నీకంత తేలికైందిరా?" అన్నాను.

వాడు అన్నది వాడి మాటల్లోనే రాస్తాను.

"ఐసీయూలో నర్స్ ఎలా పిలిచింది, గుర్తుందా? మిస్టర్ సత్య, ఓపెన్ యువర్ ఐస్. మిస్టర్ సత్య. నువ్వు బయట ఉన్నావు. నేను లోపల ఉన్నాను. చాలాసార్లు పిలిచింది. ఇప్పుడు ఎవరైనా నన్ను మిస్టర్ సత్య అంటే, నేను పలకను అమ్మా. నాన్న పలకాలి అని వెయిట్ చేస్తాను. ఆఫీస్‌లో, బ్యాంక్‌లో, ఎయిర్‌పోర్ట్‌లో. అది నాన్న నేమ్. నాన్నతోనే స్టార్ట్ అయింది. నాన్నదే. నాకు వద్దు అని కాదు. నేను తీసుకోలేను."

మరి టైపో అని ఎందుకన్నావురా అన్నాను.

"జోక్ చేస్తే నువ్వు ఏడవవు అనుకున్నాను," అన్నాడు.

వాళ్ల నాన్నా అంతే. ఏది కష్టమైతే దాని మీద ఒక పిచ్చి జోకు వేసి ఉండనీ ప్రమోదా అనేవారు.

నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాడు చెప్పింది అర్థమైంది, అంతే. అర్థమవడం వేరు, పెళ్లి శుభలేఖ మీద కొడుకు పేరు చివర రొట్టె చూడటం వేరు.

నువ్వు పెళ్లికి ఆ ఆకుపచ్చ సూటు వేసుకుంటే మాత్రం నీతో నాకు చుట్టరికం లేదని చెబుతాను.

ప్రమోద


షామ్‌బర్గ్
10 జూన్ 2024

చిరంజీవి ప్రమోదకు ఆశీస్సులు,

ఆకుపచ్చ సూటు మీ వదిన ఎవరికో ఇచ్చేసింది. మీ ఇద్దరి కుట్ర నాకు తెలుసు.

పెళ్లి ఏర్పాట్ల గురించి టామ్‌తో మూడు సమావేశాలు జరిగాయి. తలంబ్రాలంటే మా దగ్గర కూడా బియ్యం చల్లుతాం అన్నాడు. ఇక చూడు, బియ్యం చల్లడం గ్రీకులు కనిపెట్టారట. తలకి కట్టేది బాసికం అంటే వాళ్లకీ కిరీటాలున్నాయట, వాటికి రిబ్బను కూడా ఉందట. ఏది చెప్పినా వాళ్లకి ఉంది, మనకన్నా ముందే ఉంది. చివరికి ఆవకాయ తీసుకెళ్లి పెట్టాను. ముక్క నోట్లో వేసుకుని నీళ్ల కోసం వంటగదిలోకి పరిగెత్తాడు. ఇది మాత్రం గ్రీకుల దగ్గర లేదని తేలింది.

వసిలికి ముసలావిడ నన్ను చూసి, "ఇంకేమైనా కనుక్కున్నావా?" అని అరిచింది. హోటలు మళ్లీ నిశ్శబ్దమైంది. ఈసారి నాకు తెలిసింది. నోరు మూసుకున్నాను, ఇది నా గొప్పతనంగా నమోదు చెయ్యి.

పెళ్లిలో వరుడి తండ్రి స్థానంలో ఎవరు కూర్చుంటారని పురోహితుడు అడిగాడు. రోహన్ నా పేరు చెప్పాడట. నాకు కబురు చెప్పింది మీ వదిన. నాకు సరిగా వినబడలేదేమోనని రెండుసార్లు చెప్పించుకున్నాను.

చక్రపాణి


షాంటిలీ
26 ఆగస్టు 2024

అన్నయ్యా,

ఇంటికి క్షేమంగా చేరాను, చీరల్లో ఇంకా బియ్యం గింజలు దొరుకుతున్నాయి. ఎవరి బియ్యమో తెలియదు, రెండు వైపులా చల్లారు.

ఆ సందడిలో నీకు ఒకటి వినిపించలేదు, నీకు చెప్పాలనిపించింది. ఆ డీజే కుర్రాడు కొత్త దంపతుల పేరు పలకలేక మూడుసార్లు తడబడ్డాడు కదా, నువ్వు వెక్కిరింతగా నవ్వావు. రోహన్ మైకు లాక్కుని తనే చెప్పాడు. రోహన్ మిసోప్సోమస్. గ్రీకులంతా లేచి బల్లలు చరిచారు. టామ్ మాత్రం లేవలేదు. చేతి రుమాలుతో ముఖం మూసుకుని కూర్చున్నాడు. నీకు అది కనిపించి ఉంటుంది, ఎందుకంటే అప్పుడు నువ్వూ నీ కళ్లజోడు తుడుచుకుంటున్నావు. కళ్లజోడు మురికి అని నాతో అన్నావు. సరే, మురికే.

నేను చప్పట్లు కొట్టాను. కొట్టాలని కొట్టాను. కాని లోపల ఎక్కడో, ఆయన కుర్చీ ఎవరో లాగేసినట్టనిపించింది. అక్కడ కూర్చోలేక ప్లేటు పట్టుకుని లేచి వెళ్తూంటే వసిలికి నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఆ చేతిలో ఎంత బలముందో!

"నువ్వే వాడి తల్లివా?" అని అరిచింది.

అవునన్నాను.

"మావాడు ఒకడు పెరిగాడు. నీది ఒకటి పోయింది," అంది. దాచిపెట్టి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. "నీ పేరేమిటి?"

"ప్రమోద సత్య."

"ఆ?"

"సత్య!" అని గట్టిగా అరిచాను. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. ఆ పేరు అంత గట్టిగా నేనెప్పుడూ పలకలేదు అన్నయ్యా.

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టడానికి సిద్ధంగా నా ముఖం ముందు పెట్టింది. "మీవాళ్లు ఎంతమంది ఉన్నారు?" అంది.

సత్య అనే పేరున్నవాళ్లు ఈ దేశంలో చాలామందే ఉంటారు. కాని ఆవిడ అడిగింది ఆ లెక్క కాదు. ఆయన మోసిన సత్య, ఆ పొరపాటు సత్య, దాన్ని మోసేవాళ్లెంతమంది అని.

"నేనొక్కదాన్నే," అన్నాను.

జాలిపడుతుందనుకున్నాను. ఆవిడ ఒక్క వేలు మాత్రం చాచి ఉంచి, మిగతావి మడిచేసి, ఆ వేలు వైపే చూస్తూ తల ఊపింది. "అయితే చాలా ఏళ్లు బతుకు," అంది. అని, నా ప్లేటులోంచి ఒక బూరె తీసుకుని తినేసింది.

ప్రమోద సత్య